ఖాళీ గిన్నె తాయారు

చుట్టు 2207, పగలు

పెరుగు తోడుకోలేదు. పైకి గట్టిగానే కనిపించింది గానీ, గరిటె దించితే అడుగంతా పల్చని పాలే. నేను ఈ పాలగదికి వచ్చాక ఇలా జరగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ మబ్బుల్లో తేలే మా లంక మరీ ఎత్తుకు పోయి గోడలు చల్లబడ్డాయి. మా పెరుగు అర బయటి గోడకు ఆనుకుని ఉంటుంది. బయటి మబ్బుల వేడే దానికి కుంపటి. అందుకని ఊరిని కాస్త కిందికి దించమని చుక్కాని గదికి కబురు పెట్టాను. వీరవేణి ముంత కోసం ఊరంతా దిగాలట అని అక్కడ నవ్వుకునే ఉంటారు. నవ్వుకోనీ. మారుమాట లేకుండా సరేనన్నారు, అది చాలు. వాళ్లకు నా దండం.

నా తరవాత ఈ గదికి వచ్చేవారి కోసం రాస్తున్న చిట్టా ఇది. నాకు ముందున్నావిడ రాసిపెట్టినవి చదివే నేను పని నేర్చుకున్నాను. మీరు వచ్చేనాటికి మబ్బులంక ఎలా ఉంటుందో తెలియదు. ఇప్పటికైతే గాలితోపాటు కొట్టుకుపోతూ నాలుగు రోజులకోసారి శుక్రుణ్ణి చుట్టి వస్తున్నాం. రెండు రోజులు ఎండ, రెండు రోజులు చీకటి. అది మాకు ఒక చుట్టు. ఆవులు లేవు, పాలు తొట్టిలో ఈస్టు చేస్తుంది. ఎండ రాగానే ఇంటికో చెంబు పాలు, వాటితోపాటు చిన్న గిన్నెలో తోడు ఈ గదినుంచే వెళ్తాయి. తోడు ఇక్కడి పెద్ద ముంతలోది. గిన్నెలు మర్నాడు తిరిగి వస్తాయి. ఒక్కటీ ఖాళీగా రాదు. పుచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్నది మనం కోనసీమ నుంచి మోసుకొచ్చిన మర్యాద. ఇక్కడ అందులో పెట్టడానికి మొలకపెసల కట్టు తప్ప ఏముంటుంది? ప్రతివాళ్లూ గిన్నెలో కాస్త కట్టు పోసి తెస్తారు, దాన్ని పెద్ద ముంతలో ఒంపేస్తాం. మొదటి కరువు రోజుల్లో ఊరికి ప్రాణం పోసిన ముంత అది. దానికి పెట్టకపోతే ఎవరికి పెడతాం?

పాత రోజుల్లో ఒకే ఒక్కావిడ గిన్నె ఖాళీగా తెచ్చేదట, మంగతాయారు అని. ఆ పేరే మిగిలిపోయింది ఆవిడకు, ఖాళీ గిన్నె తాయారు. ఇప్పుడు పాలు పట్టుకెళ్తుంది గానీ తోడు అడగదు. కట్టు పోయాల్సి వస్తుందని భయం కాబోలు అని అందరం నవ్వుకుంటాం.

ఊరికి పెరుగు లేకపోతే రెండు రోజులు గొణుక్కుని ఊరుకుంటుంది. మా ఇంట్లో అలా కాదు. మా ఆయన గనిరాజు పైతోలు పనివాడు. లంకను మోసే పెద్ద సంచికి బయటినుంచి అతుకులు వేసేవాడు. ఆరేళ్ల కిందట ముసుగు పగిలి, మబ్బుల్లోని ఆమ్లం మింగాడు. డాక్టర్ నసీమా చాలా పేగు తీసేసి ప్రాణం నిలబెట్టింది. అప్పటినుంచి తొట్టి పాలు తాగితే పొట్ట ఉబ్బి మంచం దిగలేడు. పప్పు తిన్నా అంతే. పెరుగు ఒక్కటే పడుతుంది, ఎందుకంటే ఆయన పేగు చేయలేని పనిని తోడులోని సూక్ష్మజీవులు ముందే చేసి పెడతాయి. పాలలోని ప్రోటీన్‌ను ముక్కలుగా కోసి ఇస్తాయి. ఆరేళ్లుగా మూడు పూటలా పెరుగన్నమే. ఆ కంచం ముందు కూర్చుని ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. నాకు మూడో రోజే వంకాయ కూర కావాలనిపిస్తుంది.

చుట్టు 2208, పగలు

లంక దిగింది. అందరికీ ఒళ్లంతా చెమటలు. దారిలో ఎదురైనవాళ్లు నావంక చూసి విసనకర్ర ఊపుకుంటున్నారు. పెరుగు మాత్రం తోడుకోలేదు.

రెండో అనుమానం ఫేజ్ మీద. సూక్ష్మజీవులను పట్టి చంపే అంతకన్నా చిన్న శత్రువు అది. ఒకసారి ముంతలో పడితే రెండు పూటల్లో అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముంత అంతా గాలించాను. ఫేజ్ లేదు. సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి, నిక్షేపంలా ఉన్నాయి, పని మాత్రం చేయడం లేదు.

ఆకలిగా ఉన్నాయేమోనని ఒక గిన్నెడు పాలలో గరిటెడు మొలకపెసల కట్టు కలిపి తోడు వేసి చూశాను. మధ్యాహ్నానికి గడ్డలా తోడుకుంది. గిన్నె వంచినా కదలలేదు. మురిసిపోయాను. పరుగున ఇంటికి తీసుకెళ్లి అన్నంలో కలిపి ఆయన ముందు పెట్టాను. నాలుగు రోజులుగా గంజి తాగి ఉన్న మనిషి, ఆవురావురుమని తిన్నాడు. సాయంత్రానికి పొట్ట రాయిలా బిగుసుకుంది.

నసీమా వచ్చి సూది వేసింది. మిగిలిన పెరుగు కొంచెం పట్టుకెళ్లి పరీక్ష చేసి, తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. అది పెరుగు కాదని, గట్టిపడిన పాలని చెప్పింది. పులిసింది గానీ లోపల ప్రోటీన్ ఉన్నది ఉన్నట్టే ఉంది. పులవడం వేరు, కోయడం వేరు. ఇన్నేళ్లు ఈ రెంటినీ ఒకే పని అనుకుంటూ ఈ ముంతను నడుపుతున్నది నేనే. నసీమా ఆ మాట అనలేదు. ఆయనకు నొప్పి తగ్గేదాకా కదలకుండా కూర్చుంది, ఆ పిల్ల మేలు మరిచిపోలేను.

చుట్టు 2209, పగలు

జన్యువులు చదివే పెట్టె ముందునుంచి లేవలేదు. సంగతి ఇప్పుడు తెలిసింది. తెలిశాక నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పాలలోని ప్రోటీన్ చిక్కుపడ్డ దారపుండలా ఉంటుంది. అంత ఉండ సూక్ష్మజీవి నోట పట్టదు. అందుకని అది తన ఒంటి పైన ఒక ఎంజైమ్‌ను కత్తెరలా తగిలించుకుని, ఉండను బయటే ముక్కలు చేసి, ఆ ముక్కలను లోపలికి లాక్కుంటుంది. లోపల చిన్న కత్తెరలు ఉంటాయి, అవి ముక్కలను మెత్తగా పొడి చేస్తాయి. చిన్న కత్తెరల జన్యువులు దాని అసలు జన్యువుల దారంలోనే, అంటే క్రోమోజోమ్‌లోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. పెద్ద కత్తెర జన్యువు మాత్రం విడిగా ఒక చిన్న ఉంగరంలో ఉంటుంది. దాని పేరు ప్లాస్మిడ్. ఆ ఉంగరం మోయడం బరువు. అవసరం లేనప్పుడు జారవిడుచుకున్న సూక్ష్మజీవి తేలికపడి, మోసేవాటికన్నా త్వరగా పిల్లల్ని పెడుతుంది.

పెద్ద ముంతలోంచి ఎన్ని తీసి చదివినా ఒక్కదానికీ ఉంగరం లేదు.

మొలకపెసల కట్టులో ఏముంటుంది? మొలక తన కోసం ముందే కోసి పెట్టుకున్న ప్రోటీన్ ముక్కలు. అంటే మనం ఏళ్ల తరబడి, ప్రతి చుట్టుకూ, ప్రతి ఇంటినుంచీ, కోసిపెట్టిన తిండి తెచ్చి ముంత నోట్లో పోశాం. కూర్చున్నచోటికి ముద్దలు వస్తుంటే కత్తెర ఎవరు మోస్తారు? కొన్నాళ్లు కొద్దిపాటి కత్తెరవాళ్లు కోస్తుంటే మిగతావాళ్లు ఆ ముక్కలు తింటూ కాలక్షేపం చేసి ఉంటారు. ఆఖరి కత్తెరవాడు కూడా పోయాక మనకు తెలిసింది.

ఎవరి మీద కోప్పడాలి? ముంత మనకు పెట్టింది, మనం ముంతకు పెట్టాం. ఆ కట్టు తెచ్చినవాళ్లలో ఆకలితో ఉండి తెచ్చినవాళ్లు ఉన్నారు. ఇంతమంది ఇంత ప్రేమగా కలిసి ఒక ముంతను పాడుచేయడం ఇంకెక్కడా జరిగి ఉండదు.

చుట్టు 2210, పగలు

మంచుపెట్టెలో దాచిన తోడు సీసాలు తీసి చదివాను. వాటికీ ఉంగరం లేదు. అవీ ఈ మధ్య ఈ ముంతలోంచే తీసి మార్చినవి కదా. కట్టు ఆపేసి ఉత్తి పాల మీద ముంతను మాడ్చి చూశాను, ఏ మూలనైనా ఒక కత్తెరవాడు మిగిలి ఉంటే పైకి వస్తాడని. రాలేదు. లేని ఉంగరం ఆకలికి పుట్టుకురాదు. కొత్త జన్యువు తయారుచేసే యంత్రం మన దగ్గర లేదు. మిగతా లంకలు ఇప్పుడు గ్రహానికి అవతలి వైపు ఉన్నాయి.

నసీమా దగ్గర నరంలోకి ఎక్కించే ఆహారం సంచులు ఉన్నాయి. పొదుపుగా వాడితే ఆరేడు చుట్లు వస్తాయట. భూమినుంచి ఓడ రావడానికి ఇరవై చుట్లు పడుతుంది. ఈ మాట నాకు విడిగా చెబుదామని చూసింది గానీ గనిరాజు మంచం మీంచే, చెప్పమ్మా, లెక్క నాకూ వచ్చు అన్నాడు. నసీమా చెప్పింది. ఆయన తల ఊపి, ఆ సంచులు పిల్లలెవరికైనా కావాలంటే ముందు వాళ్లకే వాడమన్నాడు. నేను గొంతు పెంచి తిట్టాను. నసీమా సంచి తగిలించి వెళ్లిపోయింది, మా ఇద్దరి మాటా పట్టించుకోకుండా.

పెద్ద ముంతకు బాగాలేదని ఊరంతా పాకింది. ఊరు ఊరుకుంటుందా? పొద్దుటినుంచి గుమ్మం ముందు వరస. అందరి చేతుల్లోనూ గిన్నెలు, అందరి గిన్నెల్లోనూ కట్టు. ఈసారి చిక్కగా కాచామమ్మా, ముంతకు బలం వస్తుంది అని ఒకావిడ. నా కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అన్నీ పుచ్చుకుని, పక్కన పెట్టుకుని, వాళ్లు వెళ్లాక నేనే తాగాను. బాగుంది కట్టు.

చుట్టు 2211, పగలు

గనిరాజు చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడుతోంది. తినేది లేకపోయినా భోజనాల వేళకు లేచి నా ఎదురుగా కూర్చుంటాడు. ఎదురుగా పెట్టుకుని నాకు ముద్ద దిగదు. దిగకపోతే ఆయన ఊరుకోడు.

ఇవాళ నన్ను నవ్వించాలని తిండి కబుర్లు ఎత్తుకున్నాడు. తిన్నవాటిలో మంచివి, చెడ్డవి.

"ఇప్పుడైతే తాయారత్త పెరుగెట్టినా వద్దననే" అన్నాడు.

ఎప్పుడు తిన్నారు అని అడిగాను. పనిలో ఉన్న రోజుల్లో వాళ్ల గది పైకప్పు కారితే అతుకు వేయడానికి వెళ్లాడట. కూలి కింద ఇంత అన్నం, ఇంత పెరుగు పెట్టిందట. "అబ్బో, ఏం చేదే బాబూ. వేపాకు నూరి కలిపినట్టుంది. ఊరికే పెట్టింది కదాని ఊడ్చి తినేసేను."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను.

పెరుగు చేదెక్కేది ఒకందుకే. పెద్ద కత్తెర ప్రోటీన్‌ను కోసేసి, ఆ ముక్కలను పొడి చేసేవాళ్లు చాలక అవి అలాగే మిగిలిపోతే చేదు పుడుతుంది. చేదు ఉన్నచోట కోత జరిగినట్టే. తాయారత్త మన తోడు తీసుకోదు. మన తోడు తీసుకోనిదానికి ఆ ఇంట పెరుగు ఎక్కడినుంచి వస్తోందని ఇన్నేళ్లలో ఒక్కరమూ అడగలేదు. పిసినారి అని పేరు పెట్టి, పని అయిపోయిందనుకున్నాం.

చెయ్యి కడుక్కుని లేచాను. ముందు తినవే అంటున్నాడు వెనకనుంచి.

అదే రోజు

తాయారత్త గది లంక చివర, నీటి పంపుల పక్కన. ఎప్పుడూ ఆ చప్పుడే. అందుకే ఎవరూ అటు పోరు. డెబ్బై దాటిన మనిషి, వెదురుపుల్లలా నిటారుగా ఉంటుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏవే వీరవేణీ, ముంత మూయించడానికొచ్చేవా?"

ఆవిడ భయం నాకు అర్థమైంది. ఇళ్లలో సొంత ముంతలు ఉంచకూడదని ఫేజ్‌కు భయపడి పెట్టిన పాత నియమం ఒకటి ఉంది. కాదత్తా, ఒక గరిటె తోడు కావాలని వచ్చాను అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. తరవాత పక్కకు తప్పుకుంది. "ఈ ఊరొచ్చిన కాణ్ణించీ నన్నెవరూ తోడడగలేదు" అంది.

లోపల పీట వేసింది. ఆవిడ ముంత అరచేతిలో పట్టేంత. వాళ్ల అత్తగారు పెరుగును గుడ్డ మీద రాసి, నీడన ఎండబెట్టి, మూట కట్టి ఇచ్చారట భూమినుంచి వచ్చేటప్పుడు. ఆ గుడ్డ ముక్కను పాలలో వేసి తోడు లేపింది. అప్పటినుంచి ఉత్తి పాలు, ఆ తోడు, అంతే. ఏమీ కలపదు. పెట్టడానికి మనసు రాక అని ఊరంతా అనుకునే మాటే నా మొహంలోనూ కనిపించిందేమో, ఆవిడే అందుకుంది.

"మొదట్లో నేనూ మీ తోడే తెచ్చుకునేదాన్ని. ఈ ముంతెప్పుడైనా పనికొత్తదని ఓ పక్కనెట్టుకున్నాను. ఆ యేడు మా తట్టలో పెసలు మొలకెత్తలేదు. రెండు పంటలూ పోయేయి. ఆయన పోయేక ఒక్కదాన్నే. గిన్నెలో పొయ్యడానికేముంది? తోమి తెచ్చిచ్చేను. ఆ నాడే పేరెట్టేసేరు. తరవాత పెసలు పండేయి. పండితే మాత్రం పేరు పోద్దా? మీ గిన్నే వద్దనుకున్నాను."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. పంపుల చప్పుడుకు అలవాటు పడ్డ గొంతు, కాస్త పెద్దగా పలికింది, అంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పేరు పెట్టింది నేను కాదు, నేను రాకముందే ఉంది. అయినా ఆ పేరుతోనే కదా నాకూ ఆవిడ తెలుసు.

లేచి అలమరలోంచి చిన్న స్టీలు గిన్నె తీసింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టించి ఉంది. ముంతలోంచి ఒక గరిటె తీసి, అంచుకు పైన ఉన్నది వేలితో గీసి తిరిగి ముంతలోకే వేసుకుని, మిగిలింది గిన్నెలో వేసింది. అంత బాధలోనూ నాకు నవ్వు వచ్చింది.

గనిరాజుకి ఏమీ పడటం లేదత్తా, ఈ తోడు పనిచేస్తేనే ఆయన అన్నం తింటాడు అని చెప్పాను.

ఆవిడ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "గనిరాజంటే మన పైకప్పేసిన గనిరాజా? నా పెరుగు ఊడ్చి తిన్న మనిషి ఆయనొక్కడే. ముందే చెప్పొద్దా?" అని ఇంకో గరిటె నిండుగా తీసి వేసింది. ఈసారి గీయలేదు.

గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, గిన్నె తెచ్చి ఇవ్వమంది, మర్చిపోవద్దంది. ఆవిడకు ఉన్న గిన్నె అదొక్కటే. ముంత కడిగే రోజున తోడు అందులోకే మారుస్తుంది.

చుట్టు 2212, పగలు

ఉంగరం ఉంది. పెట్టెలో మొదటి నమూనా చదవగానే కనిపించింది. రెండోదానికీ ఉంది. పదోదానికీ ఉంది. లేచి గదిలో అటూ ఇటూ నడిచి, మళ్లీ కూర్చుని చదివాను. పెద్ద కత్తెర జన్యువు చెక్కుచెదరకుండా ఉంది. ఎవరూ ముద్దలు పెట్టకపోవడం వల్ల ప్రతి పూటా తన తిండి తానే కోసుకుంటూ బతికిన ముంత అది.

పాలు తోడుకున్నాయి. చేదు మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది. ప్రోటీన్ ముక్కలైందని నసీమా పరీక్ష చేసి చెప్పాక అన్నంలో కలిపి పెట్టాను. గనిరాజు మొదటి ముద్ద మింగి కళ్లు మూసుకున్నాడు. రెండోది మింగాడు. సాయంత్రం దాకా నేనూ నసీమా ఆయన పొట్ట వంక చూస్తూ కూర్చున్నాం. పొట్ట ఉబ్బలేదు. ఇద్దరం ఏడ్చాం, సిగ్గుపడలేదు.

ఇంకా గండం గడవలేదు. తరవాత మళ్లీ పెడితే నాలుగో ముద్దకు కక్కేశాడు. మనసు ఎంత గట్టిదైనా నాలుక ఒప్పుకోవాలి కదా. బలం పుంజుకోవాలంటే మూడు పూటలా కంచం నిండా తినాలని నసీమా అంది. నాలుగు ముద్దల చేదుతో మనిషి నిలవడు.

చుట్టు 2213, పగలు

పెద్ద ముంతను మరగబెట్టి పారబోసి, కడిగి, తాయారత్త తోడుతో కొత్తగా మొదలెడదామని పొయ్యి వెలిగించాను. నా కోపమంతా ఆ సోమరుల మీదే. పొయ్యి మీద పెట్టబోతూ ఆగాను.

సోమరులే, సరే. ఉంగరం పారేసుకున్నవాళ్లే. కానీ లోపలి చిన్న కత్తెరలు వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి, అవి అసలు దారంలోవి కదా. పైగా ఎవరో కోసిన ముక్కలను తిని బతకడంలో లోకంలో వాళ్లను మించినవాళ్లు లేరు. తాయారత్త పెరుగులో తినేవాళ్లు లేక మిగిలిపోయిన చేదు ముక్కలు వాళ్లకు విందు.

పొయ్యి ఆర్పాను. ఆ తోడు కొంత, ఈ తోడు కొంత, నాలుగైదు పాళ్లలో కలిపి పాలలో వేశాను. మూడో గిన్నె రుచి చూసి ఇంకోసారి చూశాను. చేదు లేదు. కమ్మగా ఉంది, మా అమ్మ చేతి పెరుగులా. ఒకరు కోశారు, ఒకరు తిన్నారు, పాలు తోడుకున్నాయి. సోమరులకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. వాళ్లకూ నా దండం.

గనిరాజు కంచం ఖాళీ చేసి మారు అడిగాడు. మారు అడగడం విని ఎన్నాళ్లయిందో. పెట్టాను. పొట్టా ఊరుకుంది, నాలుకా ఊరుకుంది. నసీమా నరంలోని సూది తీసేసి, చుట్టిన సంచిని మళ్లీ అరలో పెట్టుకుంది.

ఒక్క చిక్కు ఉంది. ఈ కలిపిన తోడునే మళ్లీ మళ్లీ వాడుతూ పోతే సోమరులు మళ్లీ కత్తెరవాళ్లను మింగేస్తారు. అందుకని ప్రతి చుట్టుకూ తాయారత్త ముంతలోంచి కొత్తగా ఒక గరిటె తెచ్చి కలపాలి. ఆ ముంతలోకి మాత్రం ఎప్పటికీ ఏదీ పోకూడదు. మన పెరుగు చుక్క పోకూడదు, కట్టు అసలే పోకూడదు. నా తరవాత వచ్చేవారు ఈ మాట రెండుసార్లు చదవండి.

చుట్టు 2214, పగలు

ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పాను. కత్తెర, ఉంగరం, కట్టు, అన్నీ. ఓపిగ్గా విన్నారు. ఇకనుంచి గిన్నెలు ఖాళీగా తిరిగివ్వాలి అనేసరికి గోల మొదలైంది. అప్పటిదాకా జన్యువులను ఒప్పుకున్నవాళ్లు ఖాళీ గిన్నెను ఒప్పుకోలేకపోయారు. ముంతలో పోయవద్దంటే పోయం, మీ చేతికి ఇస్తాం, మీరు తాగండి అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ, మీ చేతి కట్టు అలవాటుగా ముంతలోకి ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, వద్దు అన్నాను. చుక్కాని గది పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"అది కాదమ్మా, ఉత్త గిన్నె చేతికియ్యడానికి చెయ్యి రావద్దా మరి?" అన్నాడు.

అందరి సంగతీ అదే. ఆఖరికి ఎవరో, కడిగి బోర్లించి ఇద్దాం, బోర్లిస్తే ఖాళీగా ఉన్నట్టు కనపడదు అన్నారు. ఆ మాట మీద సభ ముగిసింది. ఇళ్లలో ముంతలు ఉంచకూడదన్న నియమంలోంచి తాయారత్త ఇంటిని తీసేశారు. ఆవిడ సభకు రాలేదు.

చుట్టు 2215, పగలు

గిన్నె తిరిగి ఇచ్చే రోజు. తోమాను. మరిగే నీళ్లలో వేసి తీశాను. పొడిగుడ్డతో తుడిచాను. అన్నీ అయ్యాక కూడా గిన్నె చేతిలో పట్టుకుని వంటగదిలోనే నిలబడ్డాను.

నా మనిషిని నాకు తిరిగి ఇచ్చిన గిన్నె అది. దాంట్లో ఏం పెట్టినా తక్కువే, అలాంటిది ఏమీ పెట్టకూడదు. పంచదార డబ్బా మూత తీసి మళ్లీ మూశాను. ఆవిడ దేన్నీ పారేసే మనిషి కాదు, పంచదారయినా అంటుకున్నది అంటుకున్నట్టే మర్నాడు అందులో తోడు వేసేస్తుంది. నా చేతినుంచి ఆ ముంతలోకి ఏదీ పోకూడదని రాసినదాన్ని నేనే. సభలో ఊరందరికీ చెప్పడం తేలిక, చేయడం ఇలా ఉంటుందని ఇప్పుడు తెలిసింది.

మొదట బోర్లించి పట్టుకున్నాను. గుమ్మం దగ్గర మనసు ఒప్పక తిప్పి పట్టుకున్నాను.

తాయారత్త నన్ను చూసి, తరవాత గిన్నెలోకి చూసింది. నేను చెప్పాలనుకున్నవి దారంతా కూర్చుకుంటూ వచ్చాను. చివరికి నోట వచ్చింది ఇంతే.

"అత్తా, ఖాళీగా తెచ్చాను. ఇందులో ఏమీ వేయకూడదు. ఏం వేసినా మీ ముంత చెడిపోతుంది. మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు."

ఆవిడ గిన్నె పుచ్చుకుని లోపల వేలితో చుట్టూ రాసి చూసింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి, మాటలో మాత్రం ఏ తేడా లేదు.

"బాగా తోమేవు" అంది. "ఊరందరూ ఇలాగే ఇత్తన్నారంట కదా ఇప్పుడు."

అవునత్తా, అందరూ ఖాళీ గిన్నెలే అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూడటం ఇదే మొదలు. లోపలికి వెళ్లి, ముంతలోంచి ఒక గరిటె తీసి, అంచు వేలితో గీసి, అదే గిన్నెలో వేసి తెచ్చింది. ఈ చుట్టుకు నాకు కావలసిన తోడు అది. అడగకుండానే ఇచ్చింది.

"గనిరాజునోసారి రమ్మను" అంది. "పైకప్పు మళ్లీ కారతంది. కూలికి పెరుగన్నమెడతాను. చేదు లేని దాన్నే, నువ్వే పట్టుకొచ్చి ఇద్దువుగాని, వేరే గిన్నెలో."

వస్తూ వస్తూ గిన్నె మీద చెయ్యి మూతగా పెట్టుకుని, పంపుల పక్కనుంచి నెమ్మదిగా నడిచాను. ఇంట్లో గనిరాజు అన్నం వడ్డించుకుని, పెరుగు కోసం కంచం ముందు కూర్చుని ఉన్నాడు.